పార్కింగ్ మల్లేష్ ఫోటో

మూడేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం, మా బ్యూరో ఇన్‌చార్జి నన్ను పిలిచి, రేపూ ఎల్లుండీ ఊరి బయట కార్ల రేసు ఉంది, మీరే వెళ్లాలి అన్నారు. అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రిక వరంగల్ ఎడిషన్‌లో స్టాఫ్ ఫోటోగ్రాఫర్‌ని. రిటైర్మెంట్ దగ్గరపడింది. స్టాఫ్ ఫోటోగ్రాఫర్ అంటే నెల జీతం మీద ఉండే మనిషి. మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల నుంచి మంత్రుల పర్యటనల దాకా జిల్లా పేజీల్లో వచ్చే ఫోటోలకు పూచీ ఆ మనిషిదే. అన్నేళ్ల ఉద్యోగంలో నేను తీయనిది కార్ల రేసు ఒక్కటే. వరంగల్‌లో రేసేమిటండీ, మన రోడ్ల మీద రోజూ జరిగేది చాలదా అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

విషయమేమిటంటే, వాడకంలో లేని ఒక పాత రన్‌వేను ఒక క్లబ్బు వాళ్లు రెండు రోజులకు అద్దెకు తీసుకున్నారు. దాని మీద డ్రమ్ములూ, పాత టైర్ల దొంతరలూ పేర్చి మలుపులు చేశారు. ఇందులో కార్లన్నీ ఒకేసారి ఉరకవు. ఒక్కో కారును విడిగా వదులుతారు, ఎవరు తక్కువ సమయంలో తిరిగొస్తే వాళ్లు గెలిచినట్టు. శనివారం వడపోత, ఆదివారం ఫైనల్. వచ్చినవాళ్లలో హైదరాబాద్ పిల్లలే ఎక్కువ. మన ప్రాంతం వాడు ఒక్కడు కనిపించాడు. పేరు మల్లేష్, మరిపెడలో రోడ్డు పక్కన కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డు నడుపుతాడు. ఎవరో వదిలేసిన పాత చిన్న కారును తానే విప్పి, సీట్లు పీకేసి, రేసుకు తయారు చేసుకున్నాడు. కారు నంబరు పద్నాలుగు. లోకల్ మనిషి కాబట్టి మా పేజీకి అతనే వార్త.

శనివారం నేను ఎప్పటిలాగే తీశాను. కదిలే వస్తువును తీసేటప్పుడు మా వృత్తిలో మొదట నేర్పేది షట్టర్ వేగం పెంచడం. షట్టర్ అంటే కెమెరా కన్ను తెరుచుకుని మూసుకునే తలుపు. సెకనులో రెండు వేలో వంతు తెరిస్తే ఎంత వేగంగా పోయేదైనా నిలబడిపోతుంది. మల్లేష్ కారు అచ్చు గుద్దినట్టు వచ్చింది. నంబరు స్పష్టం, ముఖం స్పష్టం, చక్రాల చువ్వలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. డెస్క్ వాళ్లు మెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున పేపర్లో రెండు కాలమ్‌ల వెడల్పున వచ్చింది.

ఆ పొద్దున్నే నేను రన్‌వే దగ్గర బండి దిగీ దిగగానే మల్లేష్ ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చేతుల మీద పెయింటు మరకలతో ఉన్నాడు. నమస్తే కూడా లేదు. ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

"ఏం మేడం గిట్ల జేసిన్రు? మా ఊరోళ్లంత నవ్వుతాన్రు. పార్కింగ్ల పెట్టి ఫోటో దిగినవా అంటాన్రు. గ్రూపుల నా పేరే మార్చిన్రు, సూడున్రి."

చూశాను. వాట్సాప్ గ్రూపులో నా ఫోటో కింద ఒకడు "పార్కింగ్ మల్లేష్ అన్నకు జై" అని పెట్టాడు. ఇంకొకడు, అన్నా, టోకెన్ ఇచ్చిండ్రా, బండి ఎప్పుడు తీస్తవ్ అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. నంబరు కనబడటం లేదా, ముఖం కనబడటం లేదా, పేపర్ ఫోటోకు ఇంకేం కావాలయ్యా అని గట్టిగానే అడిగాను. అతను తగ్గలేదు.

"అన్నీ కనవడ్తానయ్ మేడం. నేను పోతాన్న అన్నదొక్కటే కనవడ్తలేదు. గింత కష్టపడి బండి జేసుకున్న. ఒక్క ఫోటో, ఉరికినట్టు ఒక్క ఫోటో తియ్యున్రి. మా ఊరోళ్లు నోరు మూసుకోవాలె."

పోతూ పోతూ ఆగి, కొంచెం సిగ్గుపడుతూ ఇంకో మాట చెప్పాడు. ఇంట్లో మాత్రం మెల్లగానే నడుపుతున్నానని చెప్పాడట. ఊరికే చెబితే భార్య నమ్మలేదట. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుందట. మరి అలాంటి ఫోటో ఇంట్లో చూస్తే ఎట్లా అన్నాను. "మా ఇంటికి పేపర్ రాదు మేడం, ఫికర్ లేదు" అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. వాళ్ల ఇంటి సంగతి నాకెందుకని నేనూ వదిలేశాను. నా మనసంతా ఆ "పార్కింగ్" అన్న మాట మీదే ఉంది. ఇన్నేళ్లు కెమెరా మోసి, ఒక వాట్సాప్ గ్రూపు చేత మాట పడ్డాను.

అతను చెప్పింది నిజమే. అదే నన్ను నిలవనివ్వలేదు. వేగాన్ని ఆపితే దొరికేది ఆగిన కారే. కదలిక కనిపించాలంటే షట్టర్ నెమ్మదిగా తెరిచి, కారుతోపాటు కెమెరానూ తిప్పాలి. అప్పుడు కారు నిలుస్తుంది, వెనక ఉన్నదంతా గీతలుగా సాగిపోతుంది. దీన్ని పానింగ్ అంటారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. మా పేపర్లో వెనకంతా చెదిరిన ఫోటోను "షేక్" అని చెత్తబుట్టలో వేస్తారు. అందుకే ఏనాడూ దాని జోలికి పోలేదు.

పది గంటలకే ఎండ చురుక్కుమంటోంది. ఫైనల్ మధ్యాహ్నం. గేటు దగ్గర ఒక పెద్దమనిషి మోపెడ్ మీద నీళ్ల క్యాన్లు కట్టుకుని షామియానాకూ వ్యానుకూ మధ్య తిరుగుతున్నాడు. అతని మీద మొదలుపెట్టాను. షట్టర్‌ను సెకనులో నూట పాతికో వంతుకు దించాను, చాలలేదు. అరవైకి దించాను. ఎండలో షట్టర్ అంతసేపు తెరిస్తే ఫోటో తెల్లబోతుంది కాబట్టి లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేశాను. పాదాలు నేలకు ఆనించి, మోచేతులు పక్కటెముకలకు అదిమి, నడుము దగ్గర తిరుగుతూ తీశాను. మనిషీ చెదిరాడు, మోపెడూ చెదిరింది, క్యాన్లూ చెదిరాయి. మళ్లీ తీశాను. అదే వరస. మూడో చుట్టుకు ఆ పెద్దమనిషి బండి ఆపి, "ఏందమ్మా, నీళ్లు గావాల్నా?" అని అడిగాడు. వద్దు, మీరు తిరగండి బాబూ అన్నాను. విచిత్రంగా చూసి వెళ్లాడు.

తల ప్రాణం తోకకొచ్చింది. అటు నడిచాను, ఇటు నడిచాను. ఫైనల్‌కు ముందు వేరే పోటీల కార్లు వదులుతున్నారు. వాటి మీదా ప్రయత్నించాను. ఒక్కటీ కుదరలేదు. చివరికి ఒక చుట్టులో నా తప్పు నాకే పట్టుబడింది. బటన్ నొక్కే క్షణంలో నా ఒళ్లు బిగుసుకుంటోంది. ఊపిరి ఆగుతోంది, దాంతోపాటు నడుమూ ఆగుతోంది. కారు ముందుకు పోతుంటే కెమెరా అక్కడే ఉండిపోతోంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. మట్టెవాడలో మా నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. నేను పని నేర్చింది అక్కడే. పెళ్లి గ్రూపులు తీసేటప్పుడు ఆయన "కదలకండి" అని కేక వేసేవారు. ఆ కేక పెళ్లివారికి ఎంతో నాకూ అంతే. ఊపిరి బిగబట్టాలి, ఫోటో పడేదాకా రెప్ప కూడా కొట్టకూడదు. కెమెరా కదిలిందంటే ఇంటికొచ్చాక అక్షింతలు పడేవి. ఆ అలవాటు నా ఎముకల్లో ఇంకిపోయింది. స్టూడియో నుంచి పేపర్లకు వచ్చిన మా తరం వాళ్లందరిదీ ఇదే జబ్బు.

దీనికి మందు నేనే కనిపెట్టాను. నోరు మూసుకుంటే కదా ఊపిరి ఆగేది. కాబట్టి కారు మలుపు తిరిగినప్పటి నుంచి దాటిపోయేదాకా పైకి "పో, పో, పో, పో" అంటూ తిరగడం మొదలుపెట్టాను. అంటున్నంతసేపూ ఊపిరి ఆడుతుంది, నడుమూ తిరుగుతుంది. పక్కనున్న హైదరాబాద్ కుర్రాళ్లు నన్ను చూసి ముసిముసి నవ్వులు నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఈసారి మోపెడ్ పెద్దమనిషి ముఖం నిలిచింది, మీసం నిలిచింది, క్యాన్లు నిలిచాయి. వెనక షామియానా రంగులన్నీ గీతలై సాగాయి. మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో పోయే మోపెడ్ రాకెట్‌లా కనిపించింది. చిన్నపిల్లలా ఎగిరి గంతేయాలనిపించింది. మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఇంకో మార్పు కూడా చేశాను. శనివారం నేను నిలబడ్డ చోట కారు వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆకాశం ఎంత చెదిరినా ఆకాశంలాగే ఉంటుంది. గీతలు పడాలంటే వెనక రంగులుండాలి. అందుకని జనం కూర్చున్న వైపు ఎదురుగా వెళ్లాను. అక్కడైతే కారు ఎడమ నుంచి కుడికి పోతుంది, డ్రైవరు కూర్చున్న పక్క నాకు కనబడుతుంది. ఎర్రజెండా పట్టుకుని ట్రాక్ చూసుకునే మార్షల్ పరుగెత్తుకొచ్చి, ఆడ నిలవడొద్దు మేడం అని అరిచాడు. పది అడుగులు వెనక్కి జరిగాను. అంతకు మించి జరగనన్నాను.

నంబరు పద్నాలుగును వదిలారు. నాన్న నేర్పిన వాటిలో ఒకదాన్ని వదిలేశాను కానీ రెండోదాన్ని వదల్లేదు. కళ్లు కుదరని ఫోటో ఫోటోయే కాదనేవారు ఆయన. కాబట్టి ఫోకస్ బిందువును చక్రాల మీద కాక కిటికీలో కనిపించే అతని ముఖం మీద పెట్టాను. హెల్మెట్ ముందు భాగం తెరిచి ఉండే రకం కాబట్టి ముఖం దొరుకుతుంది. కారు టైర్ల దొంతర పక్క నుంచి అరుస్తూ వచ్చింది. పో, పో, పో అంటూ నడుము తిప్పాను. దాటిపోయాక కూడా తిరుగుతూనే ఉన్నాను, మార్షల్ నన్ను పట్టుకుని ఆపాడు.

కెమెరా వెనక తెరలో చూసుకున్నాను. వచ్చింది. జనం, చీరలు, షామియానా అంతా ఒకటే ప్రవాహంలా వెనక్కి పోతుంటే, మధ్యలో కారు, కారులో ముఖం, ముఖంలో కళ్లు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మల్లేష్‌కు రెండో స్థానం వచ్చింది. ఫోటో చూపించాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

సాయంత్రం ఆఫీసులో అసలు రేసు మొదలైంది. పేజీ పెట్టే డెస్క్ ఇన్‌చార్జి భాస్కర్ మంచివాడే. కానీ ఫోటోలో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, అతని చెయ్యి ఊరుకోదు. "అక్కా, ఎనకంత షేక్ అయింది. కారు మట్టుకు కట్ జేసి రెండు కాలమ్‌లల కూసోవెడ్త" అన్నాడు. నేను అతని కుర్చీ పక్కనే నిలబడ్డాను. ఆ గీతలు తీసేస్తే కారు మళ్లీ పార్కింగ్‌లోకి పోతుందయ్యా, ముందూ వెనకా ఆ జాగా ఉంటేనే అది పరిగెత్తేది అన్నాను. గెలిచినోడి కప్పు ఫోటో ఉంది కదా అన్నాడు. కప్పు పట్టుకున్న ఫోటోలు గోదాము నిండా ఉన్నాయి, పాతదొకటి వేసుకున్నా ఎవడికీ తెలియదు అన్నాను. చివరికి పేజీ వెళ్లే వేళ దాటుతుందని భయపడి, నాలుగు కాలమ్‌లు ఇచ్చి, "నీతోని కాదక్కా" అని దండం పెట్టాడు. ఒక్క గీత కూడా తెగకుండా పడింది.

సోమవారం మరిపెడ గ్రూపులన్నింట్లో ఆ ఫోటోయే. పార్కింగ్ పేరు ఒక్కపూటలో మాయమైంది. మల్లేష్ మూడుసార్లు ఫోన్ చేసి సంబరపడ్డాడు. బుధవారం చేసిన ఫోన్లో మాత్రం గొంతు తగ్గింది. వాళ్లింటికి పేపర్ రాని మాట నిజమే కానీ, భార్య స్వరూప బట్టలు కుట్టే దుకాణానికి బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఫోన్లో ఫోటో చూపించి, నీ పెనిమిటి రాకెట్ లెక్క పోతాండు కదనే అందట.

"మేడం, ఆమె మీ దగ్గరికే వస్తాంది. బస్సెక్కింది. గది కంప్యూటర్ల చేసిన్రని చెప్పిన. మీరు గూడ జర గట్లనే చెప్పున్రి. లేకపోతే కారు అమ్మమంటది. బిడ్డ మీద ఒట్టు మేడం, మామూలు ముచ్చట గాదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వార్తా ఫోటోను కంప్యూటర్‌లో మార్చామంటే మా ఉద్యోగాలే పోతాయి. వెలుతురు కాస్త హెచ్చుతగ్గులు చేయడం వరకే మాకు అనుమతి, అంతకు మించి ఒక గీత కలిపినా తప్పే. పైగా అంత చెమటోడ్చి తీసిన ఫోటోను నా నోటితో నేనే దొంగది అనాలా? అననని ఖరాఖండిగా చెప్పేశాను. నీ కారు పోవాలని నాకూ లేదు, నిజం ఎంత ఉందో అంతే చెబుతాను అని ఫోన్ పెట్టేశాను.

స్వరూప మధ్యాహ్నం వచ్చింది. ముప్పై దాటని మనిషి, మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మడత పెట్టిన పేపర్ బల్ల మీద పరిచింది.

"మేడం, నేను కొట్లాడనీకి రాలే. ఒక్కటే అడుగుత. గిది నిజమేనా, కంప్యూటర్ల చేసిండ్రా?"

నిజమే, ఏమీ చేయలేదన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. అప్పుడు నేను మిగతా నిజం కూడా చెప్పాను. ఈ గీతలు కారు వేగాన్ని కొలిచేవి కావమ్మా, నా షట్టర్ నెమ్మదిగా ఉండటం వల్ల పడ్డవి, ఇలా తీస్తే సైకిలు కూడా ఎగిరిపోతున్నట్టే ఉంటుంది అన్నాను. నమ్మనట్టు చూసింది. కంప్యూటర్‌లో మోపెడ్ పెద్దమనిషి ఫోటో తెరిచి చూపించాను. నీళ్ల క్యాన్లతో రాకెట్‌లా దూసుకుపోతున్న ఆ మీసాల మనిషిని చూసి ఆమె ఫక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ నవ్వింది.

"అయితే దీన్ల ఎంత స్పీడున్నదో తెల్వదన్నట్టేనా?" అంది. తెలియదమ్మా అన్నాను. అది అక్షరాలా నిజం. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది, టీ తాగింది. మల్లేష్ గట్టెక్కాడు, నేను అబద్ధమూ ఆడలేదు అని లోపల సంతోషించాను.

టీ గ్లాసు పెట్టేసి ఆమె, మా ఆయనది కంప్యూటర్‌లో ఒకసారి పెద్దగ చూపిస్తరా అక్కా అని అడిగింది. ఎందుకు చూపించను? అంత బాగా కుదిరిన ముఖం అది. తెర నిండా వచ్చేదాకా పెంచాను. నెమ్మది షట్టర్‌లో తీసినా కనురెప్పల వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి చూడు అని గొప్పగా చెప్పాను కూడా. మల్లేష్ కింది పెదవిని పళ్లతో కొరికిపట్టి ఉన్నాడు. కళ్లు పెద్దవిగా తెరిచి, రెప్ప వేయకుండా, దూరంగా ఎక్కడో చూస్తున్నాడు. మెడ మీద నరం ఉబ్బి ఉంది.

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. తరువాత మెల్లగా అంది.

"మెల్లగ పోయేటప్పుడు మా ఆయన పాట పాడుతడక్కా. నోరు మూసుడు ఉండదు. గీ మొఖం నేను ఒక్కసారే సూసిన. బిడ్డ కాన్పప్పుడు నాకు సీరియస్ అయితే, మరిపెడ నుంచి వరంగల్ దవాఖానకు తోల్కొచ్చిండు. ఎనక సీట్ల పండుకొని అద్దంల సూసిన. గిదే పెదవి, గివే కండ్లు. ఆ పొద్దు ఎంత స్పీడొచ్చిండో నాకెరుకే."

నేను ఫోటోను మళ్లీ చిన్నది చేశాను. ఆమె లేచి, పేపర్ మళ్లీ అవే మడతల్లో మడిచింది. స్పీడ్ పోయిండని గాదక్కా, ఆ పొద్దు పోకపోతే నేనే లేను, గదే బిడ్డ నెత్తి మీద ఎట్ల ఒట్టేసిండు అంది. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఫోటో ఒకటి పెద్దది చేసి ఇయ్యమంది. ఇచ్చాను.

ఎండలు ముదరకముందే కారు అమ్ముడుపోయింది. మల్లేష్ ఆ తరువాత ఒకసారి ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "కారైతె లేదు గని, ఫోటో ఇంట్ల గోడకున్నది మేడం. ఆమెనే పటం కట్టించింది. లేచినప్పటి సంది అదే మొఖం సూసుకుంట పళ్లు తోముకుంటాన" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక నాకు బాధ కలిగింది. దాంతోపాటు గర్వమూ కలిగింది. ఉన్నమాట చెప్పాలంటే గర్వమే కాస్త ఎక్కువ.

రిటైరయ్యేదాకా నేను మరికొన్ని రేసులు తీశాను. ఆ ఉదంతం వల్ల నా పనిలో వచ్చిన మార్పు ఒక్కటే. గీతలు ఎంత సాగాయన్నది తరువాత చూస్తాను, మనిషి ముఖం కుదిరిందా అన్నది ముందు చూస్తాను. గీతలు నా కెమెరా ఎలాగైనా గీసిపెడుతుంది, నీళ్ల మోపెడ్‌కైనా గీస్తుంది. ముఖం మాత్రం ఎదుటివాడు ఇస్తేనే వస్తుంది. భాస్కర్‌తో అంత పోట్లాడి, పేజీ ఆలస్యం చేసి, కత్తెర పడకుండా నేను కాపాడిన ఆ గీతల జాగాను, ముఖం చూశాక స్వరూప ఒక్కసారి కూడా చూడలేదు.